ఆర్టీసీ క్రాస్ రోడ్స్ సింగిల్ స్క్రీన్లు: ఫస్ట్ డే కాదు, బుధవారం మ్యాట్నీ రివ్యూ

ముందే చెప్తున్న, ఇది ఒక్క హాల్ రివ్యూ కాదు. హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ఇంకా నడుస్తున్న సింగిల్ స్క్రీన్లు, అంటే ఒక్కటే తెర ఉండే పాత హాళ్ళు, అన్నిటికి కలిపి రాస్తున్న. ఎందుకంటే ఎవర్ని కదిపినా "ఆ రోజులే వేరు భాయ్, ఇప్పుడేముంది అక్కడ" అంటరు, మరి ఈ మధ్య ఎప్పుడన్నా పోయిన్రా అంటే మా హీరో సినిమాకి ఫస్ట్ డే పోయినం, అంతే. ఫస్ట్ డే చూసి హాల్ ఎట్లుందో ఎవ్వరూ చెప్పలేరు, ఆ రోజు డైలాగ్ వినపడదు, ముందు నిలబడ్డోళ్ళ వల్ల సగం బొమ్మ కనపడదు, అది జాతర. హాల్ ఎట్లుందో తెల్వాలంటే బుధవారం మ్యాట్నీకి పోవాలె. నేను చాలా ఏండ్ల నుంచి అట్లనే పోతున్న, ఈసారి మా నాయినను కూడా తీస్కపోయిన, అందుకే కూర్చొని రాయాలనిపించింది.

ఇప్పుడు మిగిలిన వాటిల్లో సుదర్శన్ 35 ఎంఎం ఉంది, దేవి 70 ఎంఎం ఉంది, సంధ్య ఉంది (ఎంఎం లెక్క ఫిల్మ్ వెడల్పుది). పక్కనే ఉండే సుదర్శన్ 70 ఎంఎం పోయింది, ఓడియన్ పోయింది. సిటీ మొత్తం లెక్క తీస్తే బషీర్‌బాగ్ స్కైలైన్ పోయింది, సికింద్రాబాద్ సంగీత్ పోయింది, అమీర్‌పేట్ సత్యం జాగాలో 2023లో మల్టీప్లెక్స్ వచ్చింది. ప్యారడైజ్ అంటే ఇప్పటి పిల్లలకి బిర్యానీ ఒక్కటే తెలుసు, ఆ హోటల్ 1953లో ప్యారడైజ్ టాకీస్ క్యాంటీన్ లెక్క మొదలైందని చెప్తే నమ్మరు, టాకీస్ పోయింది క్యాంటీన్ మిగిలింది. కాచిగూడలో ఎన్టీఆర్ తారకరామ మాత్రం మూతపడి మళ్ళీ 2022 డిసెంబర్‌లో కొత్తగా తెరుచుకుంది, అట్లాంటివి వేళ్ళ మీద లెక్క పెట్టొచ్చు.

పోవుడు చానా ఈజీ. మెట్రో గ్రీన్ లైన్ 2020 ఫిబ్రవరిలో వచ్చినప్పటి నుంచి క్రాస్ రోడ్స్‌కే స్టేషన్ ఉంది, దిగి నడిస్తే హాల్. బండి తీస్కపోతే పార్కింగ్ పైసలు ఇవ్వాలె, సింగిల్ స్క్రీన్లు పార్కింగ్ ఫీజు తీసుకోవచ్చని 2021లోనే గవర్నమెంట్ చెప్పింది కాబట్టి గొడవ పెట్టుకోకుండ్రి. 2023లో ఇందిరా పార్క్ నుంచి వీఎస్టీ దాకా స్టీల్ బ్రిడ్జ్ వేసిన్రు, ట్రాఫిక్ కి మంచిదే, కాదనను, కాని ఒకప్పుడు చౌరస్తాలో నిలబడి చుట్టూ తిరిగి చూస్తే నాలుగు దిక్కులా కటౌట్లు కనపడేవి, దండలు వేసి, లైట్లు పెట్టి. ఇప్పుడు మెట్రో పిల్లర్లు, బ్రిడ్జి మధ్యలోంచి తొంగి చూడాలె. మా నాయిన దిగంగనే ఆ చౌరస్తాలో ఆగి పైకి చూసుకుంట చాలాసేపు నిలబడ్డడు, ఆయన చిక్కడపల్లిలో ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేసేటోడు, అప్పట్ల డ్యూటీ దిగి నడుచుకుంట సెకండ్ షోకి వచ్చిన రోడ్డు ఇది.

టికెట్ల సంగతి. యాప్‌లో దొరుకుతయి గాని నేను చెప్పేది కౌంటర్‌లో తీసుకోండ్రి. యాప్ వాడు ఒక్కో టికెట్ మీద వేసే కన్వీనియన్స్ ఫీజుకి ఇంటర్వెల్‌లో సమోసాలు వస్తయి, బుధవారం మ్యాట్నీకి లైన్ ఉండనే ఉండదు. పాత కౌంటర్ ఎట్లుండేదో తెల్వనోళ్ళ కోసం చెప్తున్న. ఒక మనిషి మాత్రమే పట్టే సందు, రెండు పక్కల ఇనుప జాలీ, పైన కూడా జాలీ, ఎందుకంటే మనుషుల నెత్తుల మీదికెల్లి పాకుకుంట పోయేటోళ్ళు. లైన్ చివర గోడకి చెయ్యి పట్టేంత బొక్క. అండ్ల పైసలు పట్టుకున్న పిడికిలి పెడితే లోపలి మనిషి మొఖం కూడా కనపడదు, పిడికిలి విప్పి పైసలు తీసుకొని టికెట్లు పెట్టి మళ్ళీ మూస్తడు, ఆ చెయ్యి బయటికి గుంజుకునేటప్పుడు చర్మం లేచిపోయేది. పల్చటి కాగితం, నేలకి ఒక రంగు, బాల్కనీకి ఒక రంగు. లేడీస్ లైన్ వేరే, అది ఎప్పుడూ చిన్నగ ఉండేది, అందుకే కొత్త సినిమా అంటే బస్తీలో పోరగాళ్ళందరూ మా పెద్దమ్మ ఇంటి ముందు చేరి "పెద్దమ్మా, జర రావే, నాలుగు టికెట్లు తీసియ్యి" అని బతిమిలాడేటోళ్ళు, ఆమె తన టికెట్ కూడా వాళ్ళతోనే పెట్టించుకొని దర్జాగ బాల్కనీలో కూర్చునేది. ఇప్పుడు ఆ బొక్క లేదు, గాజు కిటికీ ఉంది, కంప్యూటర్ ప్రింట్ వస్తది. ఈ మార్పు మంచిదే, ఆ జాలీ లైన్లో నలిగినోళ్ళు ఎవ్వరూ అది మళ్ళీ రావాలని కోరుకోరు.

రేటు విషయంలో అయితే పోలికే లేదు. 2021 డిసెంబర్‌లో తెలంగాణ గవర్నమెంట్ ఇచ్చిన జీవో ప్రకారం ఏసీ సింగిల్ స్క్రీన్‌కి ఎక్కువలో ఎక్కువ 150 రూపాయలు, జీఎస్టీ వేరే, మల్టీప్లెక్స్‌కి 250. పెద్ద సినిమాలకి స్పెషల్‌గ పర్మిషన్ తెచ్చుకొని మొదటి రోజుల్లో పెంచుతరు, అదొక లొల్లి. కాని వారం దాటినాక మామూలు రేటుకి వస్తది, కింది క్లాస్ టికెట్ ఇంకా తక్కువ. పైగా 100 రూపాయల లోపు టికెట్ మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ నుంచి 12 శాతం కెల్లి 5 శాతానికి దిగింది, 100 దాటితే మాత్రం 18 శాతమే. ఆటో నడిపేటాయన ఇంట్ల నలుగుర్ని తీస్కొని సినిమాకి పోవాలంటే ఈ సిటీలో మిగిలింది ఈ హాళ్ళే. ఇవి కూడా పోయినాక ఆయన ఎక్కడికి పోవాలె? నాస్టాల్జియా గురించి మాట్లాడేటోళ్ళు చానా మంది ఉన్నరు, దీని గురించి ఎవ్వరూ మాట్లాడరు, నాకు అసలు బాధ ఇదే.

ఇగ లోపలికి పోదాం. మేము పోయిన రోజు హాల్‌లో జనం పల్చగ ఉన్నరు, కింద ఒక నలభై యాభై మంది ఉంటరేమో, బాల్కనీలో ఇంకా తక్కువ. మా నాయినకి మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కలేడని కింద వెనక వరుసలో తీసుకున్న. గేట్ కీపర్ పెద్దాయన, టికెట్ సగం చింపి ఇచ్చి, మా నాయిన నడక చూసి, "రా పెద్దాయనా, ఈ పక్కకెల్లి రా, అటు మెట్టుంది" అని టార్చ్ కిందికి పట్టి సీటు దాకా నడిపించిండు. ఎవ్వరూ అడగలే ఆయన్ని. సీట్లో కూర్చున్నాక టార్చ్ ఆర్పి "కాళ్ళు ముందుకు సాపుకో, ముందల ఎవ్వరు లేరు" అన్నడు. మల్టీప్లెక్స్‌లో కుర్చీ దాని అంతట అదే వెనక్కి వంగుతది, కరెక్టే, కాని ఇట్ల మనిషిని చూసి మాట్లాడేటోడు దొరకడు.

స్క్రీన్ గురించి చెప్పాలె. ఇప్పుడు హాల్ పేరులో 70 ఎంఎం అని ఉన్నా లోపల ఫిల్మ్ లేదు, అంతా డిజిటలే, అది అందరికీ తెలిసిందే. కాని ఆ కాలంలో 70 ఎంఎం బొమ్మ కోసం కట్టిన గోడ, ఆ వెడల్పు, స్క్రీన్‌కి ఉన్న ఆ వంపు ఎక్కడికి పోలే. 1986లో తెలుగులో మొదటి 70 ఎంఎం సినిమా కృష్ణగారు 'సింహాసనం' తీసినప్పుడు ఆ సౌండ్ ఆరు ట్రాకుల్లో వచ్చేది, మా నాయిన ఇప్పటికీ చెప్తడు, గుర్రాలు ఎడమ పక్క నుంచి కుడి పక్కకి ఉరికితే చప్పుడు కూడా మన ముందలకెల్లి ఉరికేదంట. అసుంటి బొమ్మకి కట్టిన హాల్‌లో ఇవాళ్టి సినిమా చూస్తే, మధ్యలో కూర్చుంటే, కంటికి రెండు పక్కలా బొమ్మ తప్ప ఇంకేం కనపడదు. మాల్‌లో ఆరు స్క్రీన్లు పట్టించాలని ఒక్కో హాల్ కుదించి కడతరు, అక్కడ రెండో వరుసలో కూర్చుంటే మెడ నొప్పి. ఇక్కడ వెనక వరుసలో కూర్చున్నా బొమ్మ పెద్దదే. బాల్కనీ ముందు వరుస అయితే ఇంకా చెప్పక్కర్లేదు, నా లెక్కలో సిటీలో సినిమా చూడడానికి దాన్ని మించిన జాగా లేదు.

సినిమా అయినాక మా నాయిన ఒకటే పట్టు, ఆపరేటర్‌ని కలుస్తనని. మెట్లు ఎక్కలేనన్న మనిషి ప్రొజెక్టర్ క్యాబిన్ మెట్లు మాత్రం గోడ పట్టుకొని ఎక్కిండు! ఆపరేటర్ అన్న మంచోడు, రమ్మన్నడు, రీళ్ళ కాలం నుంచి ఉన్నడంట ఈ పనిలో, అసిస్టెంట్ లెక్క మొదలుపెట్టి. లోపల ఒక ప్రొజెక్టర్, పక్కన సినిమా ఫైల్ ఉండే సర్వర్, ఏసీ చల్లగ వస్తుంది, చిన్న ఆఫీస్ లెక్కనే ఉంది. అప్పట్ల అట్ల కాదంట, రెండు మిషన్లు, రెండిట్లో వెలుగు కోసం కార్బన్ కడ్డీలు ఎదురెదురుగ పెట్టి వెలిగించేటోళ్ళు, కాలుతుంటే అరుగుతయి కాబట్టి మాటిమాటికి దగ్గరికి జరుపుతుండాలె, ఒక్క నిమిషం ఏమరుపాటుగ ఉంటే బొమ్మ మసకబారి కింద నేల నుంచి "అరేయ్ ఆపరేటర్" అని కేకలు. తర్వాత కడ్డీలు అక్కర్లేని జినాన్ గ్యాస్ ల్యాంప్ వచ్చినాక ఆ బాధ తప్పింది. ఫిల్మ్ నిమిషానికి 90 అడుగులు నడుస్తది, రెండు వేల అడుగుల రీలు ఇరవై రెండు నిమిషాల్లో అయిపోతది, ఆ లోపు రెండో మిషన్ మీద తర్వాతి రీలు ఎక్కించి రెడీగ పెట్టాలె. రీలు చివర్ల బొమ్మ మీద కుడి పక్క పై మూలకి చిన్న చుక్క పడ్తది, గుర్తుందా ఎవరికన్నా? ఆ మొదటి చుక్కకి రెండో మిషన్ మోటర్ ఆన్ చెయ్యాలె, ఏడెనిమిది సెకన్లకి రెండో చుక్క, అప్పుడు బొమ్మని రెండో మిషన్‌కి మార్చాలె. సరిగ్గ మారిస్తే కింద కూర్చున్నోళ్ళకి ఏం తెల్వదు. అట్ల తెల్వకుండ మార్చుడే ఆయన పనితనం, దానికి ఈల వేసినోడు ఎవ్వడు లేడు. ఆ మాట అంటే ఆయన నవ్వి ఊకున్నడు.

జిల్లాల్లో అయితే ఒకే ప్రింట్ రెండు హాళ్ళల్లో నడిపేటోళ్ళంట, షో టైమ్ కొంచెం తేడా పెట్టి, ఈడ అయిపోయిన రీలు డబ్బాలో పెట్టి సైకిల్ మీద ఆడికి. సైకిల్ పంక్చర్ అయితే అక్కడ జనం కూర్చోని ఎదురు చూసుడే. అప్పుడు "బాక్స్ రాలే" అని షో లేట్ అయ్యేది, ఇప్పుడు "కీ రాలే" అని అయితది. సినిమా ఫైల్ వచ్చినా దాన్ని తెరిచే కీ కంపెనీ నుంచి టైమ్‌కి రావాలె, ఫలానా హాల్, ఫలానా ప్రొజెక్టర్, ఫలానా తారీఖు వరకు అని దానికి లెక్క ఉంటది.

ఇంటర్వెల్: చిన్న ఉల్లిగడ్డ సమోసాలు, పల్చటి అట్ట, వేడిగ ఉంటే కరకరమంటది, పేపర్ ముక్కలో పెట్టిస్తే ఆ నూనెకి పేపర్‌లో అక్షరాలు అవతలి పక్కకి కనపడ్తయి. చాయ్, పాప్‌కార్న్, కూల్‌డ్రింక్. అన్నీ కలిపి ఇద్దరం తిన్నా మాల్‌లో ఒక పాప్‌కార్న్ టబ్బు రేటు కాలే. సమోసా వేడిగ కావాలంటే ఇంటర్వెల్ పడే ముందే, హీరోకి ఏదో పెద్ద కష్టం వచ్చే సీన్ పడంగనే లేచి పోవాలె, నేను అట్లనే పోత. ఫస్ట్ షోకి పోతే అయినాక పక్కనే బావర్చిలో బిర్యానీ, దాని గురించి నేను కొత్తగ చెప్పేది ఏముంది.

ఇప్పుడు బాగలేనివి కూడా చెప్పాలె, లేకపోతే ఇది రివ్యూ కాదు. పేరు చెప్పను గాని సిటీలో ఒక పాత హాల్‌లో మా చెల్లెలు బాత్రూమ్‌కి పోయి లోపలికి అడుగు పెట్టకుండనే తిరిగొచ్చింది, తలుపుకి గడియ లేదు, నీళ్ళు లేవు. సినిమా మొత్తం ఓపిక పట్టుకొని కూర్చుంది, ఆ తర్వాత ఆమె మళ్ళీ ఏ సింగిల్ స్క్రీన్‌కి రాలే, ఎంత పిలిచినా రాదు. ఇంకో హాల్‌లో జనం తక్కువ ఉన్నరని ఇంటర్వెల్ తర్వాత ఏసీ ఆపేసిన్రు, ఏప్రిల్ నెలలో, అడిగితే "కరెంట్ బిల్లు మీరు కడతారా" అన్నడు మేనేజర్. బిల్లు భారం నాకు అర్థమైతది, ఏడెనిమిది వందల సీట్ల హాల్‌ని యాభై మంది కోసం చల్లగ పెట్టాలంటే కష్టమే, కాని ఆ యాభై మంది టికెట్ కొన్నోళ్ళే కదా. ఆడవాళ్ళు రాకపోతే కుటుంబం రాదు, కుటుంబం రాకపోతే రెండో వారం లేదు. పాత రోజుల్లో వంద రోజులు ఆడినయంటే ఆడవాళ్ళు మ్యాట్నీలకి వచ్చిన్రు కాబట్టే ఆడినయి. కొత్త ప్రొజెక్టర్ కంటే ముందు గడియ ఉన్న తలుపు, నల్లాలో నీళ్ళు, ఒక లైటు పెట్టుండ్రి అని ఓనర్లకి చేతులెత్తి చెప్తున్న.

అసలు ఈ హాళ్ళు ఎందుకు కష్టంలో ఉన్నయో కొంచెం తెలుసుకోవాలె. జాగా రేటు ఒకటి, క్రాస్ రోడ్స్‌లో అంత జాగా ఊకే సినిమా కోసం ఉంచాలంటే ఓనర్‌కి గుండె ధైర్యం ఉండాలె. రెండోది, మన దగ్గర సింగిల్ స్క్రీన్ల ఓనర్లకి ఎక్కువగ సినిమా వేసేటోళ్ళు ఇచ్చే వారం అద్దె పద్ధతి, మల్టీప్లెక్స్‌కి కలెక్షన్‌లో పర్సంటేజ్. సినిమా ఎంత ఆడినా ఈయనకి అదే అద్దె. మాకూ పర్సంటేజ్ కావాలని 2025లో హాళ్ళు నడిపే ఎగ్జిబిటర్లు జూన్ 1 నుంచి హాళ్ళు బంద్ పెడతమన్నరు, తర్వాత వెనక్కి తగ్గిన్రు. అంతకు ముందు ఏడాది, 2024 మే 17 నుంచి తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు పది రోజులు బంద్ పెడుతున్నమని ప్రకటించిన్రు, ఎందుకంటే ఎలక్షన్లు, ఐపీఎల్, పెద్ద సినిమాలు లేవు, జనం రాలే. నడిపితే వచ్చే నష్టం కంటే మూసి పెడితే వచ్చే నష్టం తక్కువ అని లెక్క వేసుకున్నరు. ఓటీటీలోకి కూడా చానా సినిమాలు నెల రోజులకే వస్తున్నయి, ఆగుదాంలే అనుకునేటోళ్ళు ఎక్కువైన్రు.

రీరిలీజుల గురించి అందరూ గొప్పగ చెప్తరు. 2022 ఆగస్టు 9న 'పోకిరి' మళ్ళీ వేసినప్పటి నుంచి ఈ ఊపు వచ్చింది, నేను కూడా పోత, పాటలకి హాల్ హాలంతా పాడుతుంటే బాగుంటది, అది ఇంట్ల టీవీ ముందు రాదు. కాని అది ఒక్క రోజు, రెండు రోజులు. మూడో రోజు హాల్ మళ్ళీ ఖాళీ. ఒక్కొక్కసారి కాగితాలు ఎగరేసుడు దాటి సీట్లు చింపుడు, స్క్రీన్ దగ్గర పటాకులు కాల్చుడు దాకా పోతరు, ఆ నష్టం ఎవరిది? మనం ప్రేమిస్తున్నం అనే హాల్‌దే. ఇదే క్రాస్ రోడ్స్‌లో 2024 డిసెంబర్ 4 రాత్రి ప్రీమియర్ షో దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె చిన్న కొడుకు చావు బతుకుల మధ్య నెలలు హాస్పిటల్‌లో ఉన్నడు. సినిమా చూద్దామని పిల్లల్ని తీసుకొని వచ్చిన కుటుంబం అది. చిన్న పిల్లలున్నోళ్ళు ప్రీమియర్లకి, బెనిఫిట్ షోలకి దయచేసి పోకుండ్రి. వారం ఆగితే అదే సినిమా, అదే స్క్రీన్, కాళ్ళు సాపుకొని చూడొచ్చు.

మా ఫ్రెండ్ ఒకడు ఉన్నడు, సింగిల్ స్క్రీన్ ఎందుకురా, డ్రైవ్ ఇన్ రావాలె మన సిటీకి, కార్లో కూర్చొని చూడాలె అంటడు. అహ్మదాబాద్‌లో 1973 నుంచి ఉంది, వందల కార్లు పడ్తయంట, కార్ల ముందు పరుపులు వేసుకొని కూడా చూస్తరంట, బాగనే ఉంటది, వస్తే నేనూ పోత. కాని ఆరుబయట సినిమా మనకేం కొత్త కాదు, ఊర్లలో టూరింగ్ టాకీసులు ఉండే, డేరా వేసి, ఇసుకలో కూర్చొని, కార్ లేకున్నా చూసినం. కార్ ఉన్నోళ్ళకి ఇంకో జాగా దొరుకుడు కంటే బస్సు పాసున్నోళ్ళకి ఉన్న జాగా పోకుండ ఉండుడు నాకు ముఖ్యం.

చివరికి పోయేటోళ్ళ కోసం నాలుగు మాటలు. సినిమా వచ్చిన రెండో వారంలో, సోమవారం నుంచి గురువారం మధ్యలో పోండ్రి. మోకాళ్ళు బాగుంటే బాల్కనీ ముందు రెండు వరుసలు, లేకపోతే కింద వెనక వరుస మధ్యలో. పెద్దోళ్ళని తీస్కపోతే గేట్ దగ్గరే చెప్పండ్రి, చూసుకుంటరు. నీళ్ళ బాటిల్ కొనుక్కోని పోండ్రి, చిల్లర ఉంచుకోండ్రి. బొమ్మకి 5కి 5, సౌండ్‌కి నాలుగున్నర, మనుషులకి 5, రేటుకి 5, బాత్రూములకి ఒకటి. మొత్తంగ నాలుగు ఇస్తున్న. వచ్చే నెల మా చెల్లెల్ని ఎట్లన్న ఒప్పించి తీస్కపోత, ఆమె బాగుంది అంటే ఆ ఒకటి మార్చి రాస్త.